తల అడుగున తలుపులు

ఆష్‌బర్న్‌లో లౌడన్ కౌంటీ పార్క్‌వే వెంట వెళ్తుంటే కిటికీల్లేని భారీ భవనాలు వరసగా కనిపిస్తాయి. వర్జీనియాలోని ఈ ఊరికి ‘డేటా సెంటర్ ఆలీ’ అని పేరు. ఇక్కడి తెలుగువాళ్లలో ఎంతోమంది బతుకుతెరువు ఏదో ఒక రకంగా ఆ భవనాలతో ముడిపడి ఉంటుంది. గోడ ఎంత మందంగా కట్టినా కొన్నిచోట్ల కన్నాలు పెట్టక తప్పదని వాళ్లకు బాగా తెలుసు. కరెంటు, ఫైబరు, చల్లబరిచే నీళ్లు, అన్నీ అక్కడినుంచే లోపలికి రావాలి. భవనం ప్రాణం అక్కడే ఉంటుంది, భయమూ అక్కడే ఉంటుంది. మన పుర్రె కట్టడమూ ఇలాంటిదే.

తల నిమిరితే చేతికి తగిలేది పైచిప్ప. నున్నగా, గుండ్రంగా, ఎక్కడా సందు లేనట్టు ఉంటుంది. ఆ చిప్పను తొలగించి, మెదడును బయటికి తీసి, లోపలి అడుగును చూస్తే ఇదీ అదీ ఒకే ఎముక గూడంటే నమ్మబుద్ధి కాదు. ముందు నుంచి వెనక్కి మూడు మెట్లుగా దిగుతూ పోతుంది. దారి పొడవునా జల్లెడలు, చీలికలు, సొరంగాలు. పన్నెండు జతల నరాలు, మెదడుకు రక్తం మోసుకొచ్చే నాలుగు ధమనులు, ఆ రక్తాన్ని గుండెకు తిరిగి పంపే సిరలు, కింద వెన్నుపాము... అన్నిటి రాకపోకలూ ఈ అడుగులోంచే. వైద్యులు దీన్ని స్కల్ బేస్ అంటారు. రోగం లోపలికి చొరబడేదీ ఈ రంధ్రాల వెంటే, సర్జన్ లోపలికి చేరుకునేదీ చాలాసార్లు ఈ దారుల గుర్తులను పట్టుకునే. అందుకే వీటి సంగతి వైద్య విద్యార్థుల పుస్తకాల్లోనే ఉండిపోకూడదని నా అభిప్రాయం.

ఆష్‌బర్న్‌కు మెదడుతో మరో బంధం ఉంది. పొటోమాక్ నది ఒడ్డున, 2006లో తెరిచిన హోవార్డ్ హ్యూజ్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ వారి జనీలియా పరిశోధన కేంద్రం ఇక్కడే ఉంది. 2014లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరైన ఎరిక్ బెట్జిగ్ అప్పుడు పనిచేస్తున్నది ఇక్కడే. పండు ఈగ మెదడులో ఏ నాడీకణం దేనితో కలుస్తుందో ఒక్కొక్కటిగా గీసే పనిని జనీలియా తలకెత్తుకుంది. 2020లో మెదడులో ఒక పెద్ద భాగానికి, సుమారు 25,000 కణాలకు పటం సిద్ధమైంది. 2024లో ప్రిన్స్‌టన్ బృందం నాయకత్వంలో 1,39,255 కణాలతో మొత్తం మెదడు పటం వెలువడింది. దానికి ఆధారమైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు తీసింది జనీలియాలోనే. ఆ ఈగకు ఆహారనాళం మెదడు మధ్యలోంచే పోతుంది! మెదడు నుంచి మెడ మీదుగా ఒంట్లోకి ఆజ్ఞలు మోసే కణాలు వెయ్యి పైచిలుకు. మనిషిలో కాళ్లూ చేతులూ కదిలించే ఒక్క దారిలోనే ఒక్కో వైపు సుమారు పది లక్షల తంతువులు ఉంటాయి. అవన్నీ పుర్రె అడుగున ఒకే ఒక్క రంధ్రంలోంచి దిగాలి.

మనిషి మెదడుకు కణం కణం లెక్కన పటం గీయడం ఇప్పట్లో తేలే పని కాదు. దాని గుమ్మాల లెక్క మాత్రం ఎప్పుడో తేలిపోయింది. 1778లో సామ్యుయెల్ థోమస్ జోమ్మెరింగ్ అనే జర్మన్ విద్యార్థి మెదడు అడుగు మీద, పుర్రెలోంచి బయటికొచ్చే నరాల మీద సిద్ధాంత గ్రంథం రాసి, నరాలను పన్నెండు జతలుగా లెక్కగట్టాడు. నేటికీ ప్రపంచమంతా ఆ వరుసే. 1846లో మొదలైన ఉస్మానియా వైద్య కళాశాలలో గానీ, 1923 నాటి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో గానీ, 1946 నాటి గుంటూరు కళాశాలలో గానీ మొదటి ఏడాది విద్యార్థి పుర్రె చేతికి తీసుకుని, ఏ రంధ్రంలోంచి ఏ నరం పోతుందో వల్లెవేయాల్సిందే. అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్లను కదిపి చూడండి. వైవాలో ఎగ్జామినర్ ఏ రంధ్రం చూపించి అడిగారో చాలామందికి ఇప్పటికీ గుర్తుంటుంది.

మొదటి మెట్టు కళ్ల పైన, ముక్కు కప్పు మీద ఉంటుంది. ముక్కు కప్పుకు సరిగ్గా నడిమధ్యన, చిన్న చిన్న కన్నాలున్న పల్చటి ఎముక పలక ఉంది. వాసన తెలిపే నరం ఒక్కో వైపు ఇరవై దాకా సన్నటి పోగులుగా చీలి ఆ కన్నాల్లోంచి ముక్కులోకి దిగుతుంది. తల వెనక గట్టి దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారి ముందుకూ వెనక్కూ ఊగి ఈ పోగులు తెగిపోవచ్చు. గాయం మానాక కాఫీ వాసన, పోపు వాసన తెలియడం లేదని అప్పుడు బయటపడుతుంది.

ఈ పలకకు బీట పడితే మరో ప్రమాదం. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఎప్పుడూ సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. ఒంట్లో రోజుకు అరలీటరు దాకా కొత్తగా ఊరుతుంది. బీటలోంచి అది ముక్కులోకి కారుతుంది. దెబ్బ తగలకపోయినా, తలలో ఒత్తిడి ఎక్కువై ఎముక అరిగి కారేవాళ్లూ ఉన్నారు. ఒళ్లున్న నడివయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఆష్‌బర్న్‌లో ఏప్రిల్ వచ్చిందంటే కార్ల మీద పసుపు చల్లినట్టు పుప్పొడి పేరుకుంటుంది. ముక్కు కారని ఇల్లుండదు. ఆ రోజుల్లో ఒకే ముక్కుపుటంలోంచి, ముందుకు వంగినప్పుడల్లా, నీళ్లలా పల్చగా, గొంతులోకి జారితే ఉప్పగా తగిలే ద్రవం కారుతుంటే దాన్ని అలర్జీ ఖాతాలో వేయకూడదు. ఆ చుక్కల్ని సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షకు పంపితే విషయం తేలిపోతుంది. నిర్లక్ష్యం చేస్తే ముక్కులోని క్రిములు అదే దారిన పైకెక్కి మెనింజైటిస్ తెచ్చిపెడతాయి.

ఈ ముక్కు దారి ఎంత ప్రాణాంతకమో 2021 వేసవిలో తెలుగునాడు కళ్లారా చూసింది. కొవిడ్ రెండో అల తగ్గుతూ ఉండగా బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిని తెలంగాణ ప్రభుత్వం ఈ జబ్బుకు ప్రధాన కేంద్రంగా ప్రకటించింది. ఆ మే నెలలోనే దీన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ దీని చికిత్సను ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చింది. జూన్ నెలాఖరుకు దేశంలో 40,845 కేసులు తేలితే, అందులో 31,344 ముక్కు నుంచి మెదడు వైపు పాకిన రకమే. రోగుల్లో ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరికి మధుమేహం ఉంది, సగం మందికి పైగా స్టిరాయిడ్లు వాడినవాళ్లు.

ఆ బూజు బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, రోజూ పీలుస్తూనే ఉంటాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒళ్లు వాటిని మొలకెత్తనివ్వదు. చక్కెర అదుపు తప్పి, స్టిరాయిడ్లు రక్షణ కణాలను నిద్రపుచ్చినప్పుడు అవి సైనస్‌లో మొలకెత్తి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతాయి. నాళం గడ్డకట్టి, రక్తం అందక కండ నల్లబడుతుంది. అక్కడినుంచి అది ప్రయాణించే దారి పుర్రె అడుగు పటం మీద వేలితో చూపించవచ్చు. పైదవడ వెనక చిన్న గుంట ఒకటి ఉంది, స్కాన్ రిపోర్టుల్లో ‘టెరిగోపాలటైన్ ఫోసా’ అని రాస్తారు. నాలుగు దిక్కులకూ దారులున్న కూడలి అది. అక్కడినుంచి ఒక చీలిక కంటిగూట్లోకి, ఒక గుండ్రటి రంధ్రం మెదడు పక్కకు పోతాయి. ఆ గుండ్రటి రంధ్రంలోంచి వచ్చేది బుగ్గకు స్పర్శనిచ్చే నరం కాబట్టి తొలి లక్షణం తరచూ బుగ్గ మొద్దుబారడమే. పైపళ్లు కదలడం, అంగిలి నల్లబడటం, ఆ తర్వాత రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం. రెప్ప వాలిందంటే శత్రువు కంటిగూటి కొస దాకా చేరాడని అర్థం. కంటిని కదిలించే నరాలన్నీ అక్కడి చీలికలోంచే వస్తాయి. దాని వెనకే కావెర్నస్ సైనస్ అనే సిరల గూడు, అందులోంచే మెదడుకు వెళ్లే ప్రధాన ధమని.

ఆ రోజుల్లో లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇంజక్షన్‌కు దేశమంతా కటకట. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వాట్సాప్‌లో వచ్చిన నాన్న సీటీ రిపోర్టును ఇక్కడ అర్ధరాత్రి తెరిచి, అందులోని ఒక్క మాటా అర్థంకాక కూర్చున్న పిల్లలెందరో. కుళ్లిన ఎముకనూ కండనూ ఎంత తొందరగా తొలగిస్తే అంత మేలు. కొందరికి ప్రాణం దక్కించడానికి కన్నే తీసేయాల్సి వచ్చింది. బుగ్గ మొద్దుబారడం అంటే ఏమిటో ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉంటే కొన్ని కళ్లైనా మిగిలేవని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండో మెట్టుకు నడుమ, చిన్న ఎముక గుంటలో పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది. దాని నెత్తిమీదే రెండు కళ్ల నరాలు కలుసుకునే చోటు. గ్రంథిలో కణితి పెరిగితే పైనున్న నరాలను నొక్కి, రెండు పక్కల చూపూ మెల్లగా తగ్గుతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. రూట్ 28 మీద లేన్ మారేటప్పుడు పక్క బండి కనబడకపోవడం మళ్లీ మళ్లీ జరుగుతుంటే కళ్లజోడు మార్చి ఊరుకోకుండా చూపు విస్తీర్ణం పరీక్ష చేయించుకోవాలి.

ఈ మెట్టుకు రెండు పక్కలా కోలగా ఉండే రంధ్రంలోంచి దవడ నరం దిగుతుంది. ముఖం మీద కరెంటు కొట్టినట్టు నొప్పి లేచే ట్రైజెమినల్ న్యూరాల్జియా రోగులకు ఇది వరం. గాలి తగిలినా, పళ్లు తోముకున్నా ప్రాణం పోయినంత బాధ. పంటినొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. మందులకు లొంగనప్పుడు, బుగ్గలోంచి సూదిని ఈ రంధ్రం దాకా పంపి నరం మూలాన్ని మొద్దుబార్చే పద్ధతి శతాబ్దానికి పైగా వాడుకలో ఉంది. ఆ కోల రంధ్రం పక్కనే ఇంకా చిన్న రంధ్రం, మెదడు పొరలకు రక్తమిచ్చే ధమనిది. అది కణతల దగ్గర పల్చటి ఎముక లోపలివైపు పాకుతుంది. అక్కడ దెబ్బ తగిలినవాడు లేచి నిలబడి ‘ఏం కాలేదు’ అన్నా, లోపల రక్తం చేరి కొన్ని గంటల్లో స్పృహ తప్పవచ్చు. కణతకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతులు, మగత వస్తే పడుకోబెట్టి చూద్దామనుకోవడం పొరపాటు.

మూడో మెట్టులో చెవి వైపుగా సాగే సొరంగంలో వినికిడి నరం, ముఖాన్ని కదిలించే నరం పక్కపక్కనే ఉంటాయి. ఒక చెవిలో హోరు, ఫోన్ ఎప్పుడూ రెండో చెవికే మార్చుకోవడం... అక్కడ మెల్లగా పెరిగే కణితి గుర్తులు కావచ్చు. ఇంకాస్త కింద మెడ సిర దిగే రంధ్రం. దానితో పాటు మూడు నరాలు. అక్కడ ఒత్తిడి పడితే గొంతు బొంగురుపోతుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది, ఒక భుజం వాలుతుంది. ఆ పక్క కాలువలో నాలుక నరం. అది దెబ్బతింటే చాపిన నాలుక జబ్బు వైపుకే ఒరుగుతుంది. రోగి చెప్పే నాలుగు మాటలతోనే జబ్బు ఏ గుమ్మం దగ్గరుందో అనుభవజ్ఞుడైన వైద్యుడు పోల్చుకుంటాడు. స్కాన్ ఆ తర్వాతే.

అన్నిటికన్నా పెద్దది ఫొరామెన్ మాగ్నం, పొడవు మూడున్నర సెంటీమీటర్ల చిల్లర. మెదడు కాండం ఇక్కడే వెన్నుపాముగా మారుతుంది. తలలో ఒత్తిడి మితిమీరితే చిన్నమెదడు అంచులు ఈ రంధ్రంలోకి జారి ఊపిరి నడిపే కేంద్రాన్ని నొక్కుతాయి. ప్రాణం పోయేది అలాగే. మనం మనుషులమయ్యామనడానికి సాక్ష్యం చెప్పిందీ ఈ రంధ్రమే. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో దొరికిన పసిబిడ్డ పుర్రెను పరిశీలించిన రేమండ్ డార్ట్, ఈ రంధ్రం చింపాంజీలో కన్నా ముందుకు జరిగి ఉందని గమనించాడు. తల వెన్ను మీద నిటారుగా నిలిచిందంటే ఆ ప్రాణి రెండు కాళ్ల మీద నడిచిందని 1925 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో రాశాడు. చాలా ఏళ్లు పెద్దల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు, చివరికి ఆయన మాటే నిలిచింది. ఆష్‌బర్న్ నుంచి సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చేరవచ్చు. అక్కడి మానవ మూలాల హాల్లో పిల్లలకు పుర్రెల ముఖాలే కాదు, అడుగులు కూడా చూపించండి.

ఇక వైద్యం. 1907లో ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ తొలిసారి ముక్కు మార్గాన పిట్యూటరీ కణితిని చేరాడు. ముక్కును పక్కకు కోసి తెరవాల్సి వచ్చింది. ఇప్పుడు ముఖం మీద గాటు లేకుండా రెండు ముక్కుపుటాల్లోంచి ఎండోస్కోపు, పరికరాలు పంపుతారు. లోపల ఎముకలో విడియన్ కాలువ అనే సన్నటి దారి ఉంది. మెదడుకు వెళ్లే ప్రధాన ధమని ఎక్కడుందో చెప్పే గుర్తుగా సర్జన్లు దాన్ని వాడుకుంటారు. ఆ ధమనికి గాయమైతే క్షణాల్లో పరిస్థితి చేయి దాటుతుంది. తెరిచిన అడుగును మూయడం చాలాకాలం పెద్ద సమస్యగా ఉండేది. అర్జెంటీనా వైద్యులు హదాద్, బస్సగస్తెగీ రూపొందించి, పిట్స్‌బర్గ్ బృందంతో కలిసి 2006లో ప్రచురించిన పద్ధతి దాన్ని మార్చేసింది. ముక్కు నడిమి గోడ పొరను దాని రక్తనాళంతో సహా లేపి, కన్నం మీద పరిచి అంటించడం. ప్రాణమున్న పొర కాబట్టి అతుక్కుంటుంది. మెదడు ద్రవం కారడం బాగా తగ్గింది.

హైదరాబాద్‌లో ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న అమ్మానాన్నలను కొన్నాళ్లకే డల్లెస్ విమానాశ్రయానికి రప్పించుకోవాలనుకునే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వాళ్లు తెలుసుకోవాల్సినవి ఇవీ: డాక్టర్ చెప్పేదాకా ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు ఎత్తకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు. నిద్రలో సీపాప్ మిషన్ వాడేవాళ్లయితే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌నే అడగాలి, దాని గాలి ఒత్తిడి కొత్త అతుకును లేపేయగలదు. తలలో గాలి బుడగ మిగిలి ఉంటే విమానం పైకెక్కేకొద్దీ అది పెద్దదవుతుంది కాబట్టి, టికెట్ కొనే ముందే సర్జన్ అనుమతి ఉండాలి. ఆపరేషన్ నోటు, స్కాన్ చిత్రాలు లగేజీలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి. ఇక్కడ ఎమర్జెన్సీకి వెళ్లాల్సి వస్తే, ముక్కులోంచి ఏ గొట్టం వేయబోయినా ముందే ‘స్కల్ బేస్ సర్జరీ అయింది’ అని చెప్పాలి. ఎముక లేనిచోట ఆ గొట్టం పొట్టలోకి పోకుండా మెదడులోకి పోయే ప్రమాదముంది.