పెరటితోటకు తొలిపాఠములు

విశాఖపట్టణమనగానే ఓడరేవును, ఉక్కు కర్మాగారమును జ్ఞప్తికి వచ్చును గాని కూరగాయల తోటలు జ్ఞప్తికి రావు. 1933వ సంవత్సరమున రేవు తెరువబడినది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. పట్టణము పెరిగినకొలది ఇండ్ల పెరళ్లు తరిగిపోయినవి. అయినను మేడమీదనో, మెట్లప్రక్కనో నాలుగు మొక్కలు పెంచవలెనను కోరిక మన కుటుంబములలో చావలేదు. అట్టి కోరికగల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో మేము నేర్చుకొన్న కొన్ని సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము నేర్చుకొన్నది మొదట మా పొరపాటుల వలననే. వానలు ఆరంభము కాగానే పదిరకముల విత్తనములు కొని, పాఠశాల గోడ ప్రక్కనున్న ఒకే మడిలో ఒక్కనాడే విత్తితిమి. పిల్లలందరును ప్రేమతో దినమునకు రెండుమారులు చెంబులతో నీరు పోసిరి. పదునైదు దినములలో మొలకలు సగము మొదలంట కుళ్లిపోయెను. మిగిలినవి గోడనీడను పాలిపోయి, సన్నగా సాగి, ఒరిగిపోయెను. ఒక చిన్నది తన హస్తవాసి మంచిది కాదని కన్నీరు పెట్టుకొనెను. తప్పు ఆమె హస్తవాసిది కాదు. వెలుతురును, నేలను, నీటిని గమనింపకయే పని ఆరంభించిన మాదే.

కావున మొదట వెలుతురును గూర్చి చెప్పెదము. విత్తుటకు ముందు ఒక దినమంతయు మీ పెరటిని చూడుడు. ఉదయము ఎనిమిది గంటలకు, మధ్యాహ్నము, సాయంకాలము నాలుగు గంటలకు ఎండ ఎచ్చట పడుచున్నదో గుర్తు పెట్టుకొనుడు. బెండ, వంగ, టమాటా వంటి కాయగూరలకు దినమునకు ఆరు గంటలైన ఎండ కావలెను. ఆకుకూరలు నాలుగు గంటల ఎండతోనే బాగుగా పెరుగును.

రెండవది నేల. మన ప్రాంతమున కొండల దిగువను ఎర్రనేలయు, సముద్రపు టొడ్డున ఇసుకనేలయు గలవు. మీ మన్ను ఎట్టిదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యున్నది. గాజుసీసాలో మూడవవంతు మన్ను వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి, ఒక దినము కదల్పక యుంచుడు. ఇసుక అడుగునకు దిగును. దానిమీద సన్నని ఒండ్రును, అన్నిటికి పైన బంకమన్నును పేరుకొనును. ఇసుక మిక్కిలి యెక్కువైనచో నీరు నిలువదు. బంకమన్ను ఎక్కువైనచో వేళ్లకు గాలి యందదు. ఈ రెండు లోపములకును మందు ఒక్కటే: బాగుగా చివికిన పశువుల పెంట, లేక ఆకులతోను కూరగాయల తొక్కలతోను చేసిన ఎరువు. కుండీలకైనచో ఎర్రమన్ను, ఇసుక, చివికిన ఎరువు సమపాళ్లుగా కలుపవచ్చును. కుండీ అడుగున రంధ్రముండవలెను. దానిపై ఒక పెంకును బోర్లించినచో మన్ను కారిపోదు. తడిమన్ను మిక్కిలి బరువు గనుక మేడమీద కుండీలను నడిమికి చేర్పక, గోడలపై నుండునట్లు అంచుల వెంబడి పెట్టుట మేలు.

మూడవది నీరు. గడియారమును చూచి నీరు పోయరాదు. వ్రేలిని రెండు కణుపుల లోతున మన్నులో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో ఆ దినమునకు నీరక్కరలేదు. మన సముద్రపుగాలిలో తేమ హెచ్చు గనుక ఉదయమున మొదళ్లకు పోయుట మంచిది. రాత్రి ఆకులు తడిగా నున్నచో తెగుళ్లు పుట్టును. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలిచినచో దోమలు పెరుగును. కావున వారమున కొకమారైనను వానిని కడిగి ఆరబెట్టవలెను.

ఆరంభించువారు తోటకూరతో ఆరంభింపవలెనని మా సలహా. సన్నని విత్తనములను పొడియిసుకతో కలిపి పలుచగా చల్లి, పైన కొంచెము మన్ను జల్లినచో చాలును. ఇరువదియైదు, ముప్పది దినములలో కోతకు వచ్చును. పిదప గోంగూరయు, బెండయు వేయవచ్చును. బెండగింజలను రాత్రి నానబెట్టి, అడుగు దూరమున కొకటిగా నాటినచో దాదాపు ఏబది దినములలో కాపునకు వచ్చును. పేనుబంక పట్టినచో లీటరు నీటికి ఏబది గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలమున చల్లవలెను. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారినచో అది తెల్లదోమ వ్యాపింపజేయు పల్లాకు తెగులు. దానికి మందు లేదు గనుక ఆ మొక్కను వెంటనే పెరికివేయవలెను.

సముద్రమునకు చేరువ నున్నవారు మరియొక సంగతి తెలిసికొనవలెను. ఆకుల అంచులు మాడినచో నీరు చాలలేదని మరింత పోయుదురు. పెక్కుమారులు దానికి కారణము ఉప్పుగాలి. మంచినీటితో ఆకులను కడిగి, గాలివచ్చు దిక్కున ఒక దడి కట్టవలెను. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను మన పట్టణముపై విరుచుకొనిపడి మహావృక్షములనే కూల్చెను. కావున తుపాను హెచ్చరిక వినగానే మేడమీది కుండీలను క్రిందికి దింపవలెను. అవి ఎగిరిపడినచో మనుష్యులకు ప్రమాదము.

మరుసటి మారు మేము మడిని ఎండపడు చోటికి మార్చి, ఒక్క తోటకూరనే వేసితిమి. నీరు పోయు పనిని, వ్రేలితో పరీక్షించిన పిదప మాత్రమే పోయవలెనను కట్టుబాటుతో, మునుపు కన్నీరు పెట్టుకొన్న ఆ చిన్నదానికే అప్పగించితిమి. నెల తిరుగకమునుపే ఆమె ఒక కట్ట కోసి యింటికి కొనిపోయెను. ఆ రాత్రి తల్లి దానిని పప్పులో వేసి వండగా ఇంటిల్లిపాదియు తినిరని మరునాడు వచ్చి చెప్పెను. ఆ పిమ్మట ఆమె హస్తవాసి మాట మరల ఎత్తలేదు. ఈ సెలవులలో మీరును ఒక్క కుండీతో ఆరంభింపుడు.