మోటారు సైకిలు పరీక్ష: 8 అంకెలోని శాస్త్రము

నాలుగు కాళ్ళ బల్ల తనంతట తాను నిలుచును. మూడు కాళ్ళ ముక్కాలిపీట కూడ నిలుచును. రెండు చక్రముల బండి మాత్రము స్టాండు తీసిన వెంటనే ఒక ప్రక్కకు ఒరిగిపోవును. అయినను అదే బండి దారిమీద పోవునపుడు ఇద్దరు మనుష్యులను మోసికొని నిటారుగా సాగుచుండును. నిత్యము చూచు దృశ్యము గనుక ఇది ఎవరికిని వింతగా తోచదు. మొదటిసారి హ్యాండిలు పట్టుకొన్నవానికి మాత్రము అది ఎంత వింతయో తెలియును.

జర్మనీ దేశమున గోట్లీబ్ డైమ్లరు, విల్హెల్మ్ మేబాక్ అను ఇంజనీర్లు 1885లో పెట్రోలు ఇంజనుతో నడచు ద్విచక్ర వాహనమును నిర్మించిరి. దాని చట్రము కఱ్ఱతో చేసినది. బండి పడిపోకుండ ఇరుప్రక్కల రెండు చిన్న చక్రములను కూడ వారు అమర్చిరి. నేటి మోటారు సైకిలుకు ఆ ప్రక్క చక్రములు లేవు. వాని పనిని నడపువాడే చేయవలెను. లైసెన్సు పరీక్షకు వచ్చినవారిని 8 అంకె ఆకారముగల బాటమీద, కాలు నేల మోపకుండ బండి నడుపుమనుట ఇందుకే. ఆ బాటలో ఇమిడియున్న భౌతికశాస్త్రము హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. దానిని గ్రహించినచో ఆ పరీక్ష ఏమి చూచుచున్నదో, ఏమి చూడలేదో కూడ బోధపడును.

బండి ఎట్లు నిలుచును?

ఒక పొడవైన కఱ్ఱను అరచేతిలో నిలువుగా నిలబెట్టుట పిల్లలందరు ఆడు ఆట. కఱ్ఱ కుడివైపునకు ఒరిగినచో చేతిని కూడ కుడివైపునకే జరుపుదుము. అనగా పడుచున్న వస్తువు క్రిందికి ఆధారమును తీసికొనిపోవుదుము. మోటారు సైకిలు విషయమునను ఇదే జరుగును. బండి కుడికి ఒరిగినపుడు ముందు చక్రమును కుడికి త్రిప్పినచో, టైర్లు నేలను తాకుచోటు కుడికి జరిగి మరల గరిమనాభి క్రిందికి చేరును. బండి లేచి నిలుచును. తిన్నగా పోవుచున్నట్లు కనబడు బండి నిజమునకు ప్రతిక్షణము కొంచెము పడుచు, కొంచెము లేచుచు పోవుచున్నది.

చక్రములు బొంగరములవలె తిరుగుటచేతనే బండి నిలుచునని పలువురు తలచెదరు. తిరుగుచున్న చక్రము తన అక్షము దిశను నిలుపుకొనుటకు యత్నించుమాట నిజమే. కాని అదియే ముఖ్య కారణము కాదు. 2011లో నెదర్లాండ్సు, అమెరికా దేశముల పరిశోధకులు ఒక చిత్రమైన చిన్న సైకిలును గురించి ప్రకటించిరి. దాని చక్రములకు తోడుగా వ్యతిరేకదిశలో తిరుగు మరి రెండు చక్రములను అమర్చి, బొంగరపు ప్రభావమును వారు రద్దుచేసిరి. అయినను అది నడపువాడు లేకయే నిలిచి సాగెను. ఒరిగిన వైపునకు ముందు చక్రము తిరుగుటయే అందలి కీలకము.

ఇందుండి మరియొక విశేషము తేలుచున్నది. అరచేతిలోని కఱ్ఱను కుడికి తీసికొనిపోదలచినవాడు ముందుగా చేతిని కొంచెము ఎడమకు జరుపును. అప్పుడు కఱ్ఱ కుడికి ఒరుగును. ఆపైన చేయి దాని వెంట పోవును. వేగముగా పోవు మోటారు సైకిలు కూడ అట్లే. కుడికి తిరుగదలచినపుడు హ్యాండిలు కుడికొనను మెల్లగా ముందుకు నెట్టవలెను. చక్రము క్షణకాలము ఎడమకు తిరిగి, బండి కుడికి ఒరిగి, మలుపులో ప్రవేశించును. అనుభవజ్ఞులు దీనిని తెలియకయే చేయుచుందురు. తెలిసి చేయువానికి ఆపత్సమయమున ఇది మిక్కిలి ఉపయోగపడును.

నెమ్మదిగా నడుపుటయే కష్టము

క్రొత్తవారు వేగమునకు భయపడుదురు. కాని తూకము విషయమున కష్టమైనది నెమ్మది నడకయే. హ్యాండిలును కొంచెము త్రిప్పినపుడు టైరు నేలను తాకుచోటు ప్రక్కకు ఎంత త్వరగా జరుగునో అది బండి వేగముపై ఆధారపడియుండును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున చిన్న కదలిక చాలును. 9 కిలోమీటర్ల వేగమున అదే ఫలితము పొందుటకు హ్యాండిలును దాదాపు నాలుగురెట్లు త్రిప్పవలెను. అందుచేతనే నెమ్మదిగా పోవు బండి హ్యాండిలు అటునిటు ఊగులాడుచుండును. బండి పూర్తిగా ఆగినపుడు ఎంత త్రిప్పినను ఫలితము లేదు. కాలు మోపక తప్పదు.

8 అంకె బాటలో ఈ కష్టమునకు తోడు మలుపు కూడ కలదు. మలుపులో బండి లోపలికి ఒరుగవలెను. ఎంత ఒరుగవలెనో చిన్న లెక్కవలన తెలియును: వేగము యొక్క వర్గమును, మలుపు వ్యాసార్ధమును గురుత్వ త్వరణముతో గుణించగా వచ్చిన లబ్ధముచే భాగించిన, అది ఒరుగు కోణము యొక్క టాంజెంటు అగును. వ్యాసార్ధము 5 మీటర్లు, వేగము గంటకు 9 కిలోమీటర్లు అయినచో ఆ కోణము సుమారు 7 డిగ్రీలు. వేగము 18 కిలోమీటర్లయినచో 27 డిగ్రీలు. 36 కిలోమీటర్లయినచో 64 డిగ్రీలు! అంత ఒరిగిన సాధారణపు టైరు పొడి రోడ్డుమీదనైనను పట్టు తప్పి జారిపోవును. కావున 8 బాటమీద ఎక్కువ వేగము పనికిరాదు. మరీ తక్కువ వేగమున తూకము నిలువదు. ఈ రెంటి నడుమనున్న ఇరుకైన హద్దులో బండిని నిలుపగలుగుటయే అక్కడి పరీక్ష.

దానికి మూడు అలవాట్లు కావలెను. మొదటిది క్లచ్చి. క్లచ్చి లీవరును మెల్లగా వదలుచుండగా ఒక చోట ఇంజను బలము చక్రమునకు కొంచెము కొంచెముగా అందనారంభించును. లీవరును అచ్చటనే నిలిపి, ఏక్సిలరేటరును సమముగా ఉంచినచో మొదటి గేరులో బండి నడకవేగమున సాగును. రెండవది వెనుక బ్రేకు. దానిని కుడికాలితో లేశముగా అదిమి పట్టినచో కుదుపులు తగ్గును. ముందు చక్రము త్రిప్పియున్నపుడు ముందు బ్రేకును గట్టిగా పట్టినచో బండి పడిపోవును. మూడవది చూపు. దృష్టిని ముందు చక్రముమీద గాక, పోవలసిన మలుపు చివరమీద నిలుపవలెను. తల తిరిగిన వైపునకు భుజములు, భుజములు తిరిగిన వైపునకు చేతులు పోవును.

ఈ పనులన్నిటిని ఒకేసారి ఆలోచించి చేయుట ఎవరికిని సాధ్యము కాదు. పదేపదే చేయుటవలన అవి చిన్నమెదడు మొదలైన భాగముల వశమై, ఆలోచన లేకయే జరుగును. అందుచేత ఒకే రోజు నాలుగు గంటలు శ్రమించుటకంటె, ఎనిమిది దినములు రోజుకొక అరగంట సాధన చేయుట మేలు. జనసంచారము లేని మైదానములో ముందుగా బయలుదేరుట, ఆపుట. తరువాత తిన్నగా నెమ్మదిగా పోవుట. పిమ్మట పెద్ద వలయములు, చిన్న వలయములు. చివరకు 8 అంకె. ఇది తగిన క్రమము. అన్ని బండ్లకు గేర్ల అమరిక ఒకే విధముగ ఉండదు. పూర్వపు ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లలో గేరు కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద ఉండెడివి. కావున పరీక్షకు ఏ బండిమీద పోవుదురో దానిమీదనే సాధన చేయుట మంచిది.

8 బాటమీద తెలియనిది

వేగము పెరిగిన కొలది బండిని నిలుపుట సులువగుచున్నదని పైన చూచితిమి. ప్రమాదమంతయు ఇక్కడనే ఉన్నది. నిలుపుట సులువగుచుండగా, ఆపుట కష్టమగుచుండును. 8 బాటమీద కాలు మోపకుండ తిరిగివచ్చినవాడు విశాలమైన రోడ్డెక్కినంతనే, బండి తన చేతిలో స్థిరముగా ఉన్నదని సంతోషించును. ఆ స్థిరత్వము చూచి వేగము పెంచును. కాని చలనశక్తి వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. వేగము రెట్టింపైనచో బ్రేకులు హరింపవలసిన శక్తి నాలుగురెట్లగును.

ఒక ఉదాహరణము. ఇద్దరు యువకులు ప్రక్కప్రక్కనే పోవుచున్నారనుకొందము. ఒకని వేగము గంటకు 36 కిలోమీటర్లు, అనగా సెకండుకు 10 మీటర్లు. రెండవవాని వేగము 72 కిలోమీటర్లు, అనగా సెకండుకు 20 మీటర్లు. ఇద్దరును ఒకే చోటికి వచ్చినపుడు ఎదుట ఒక పసివాడు అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డము వచ్చెను. చూచి, గ్రహించి, బ్రేకు పట్టుటకు ఇద్దరికి ఒక్కొక్క సెకండు పట్టునని, పొడి రోడ్డుమీద బ్రేకులు సెకండు సెకండునకు 6 మీటర్ల చొప్పున వేగమును తగ్గించునని భావింతము. మొదటివాడు ఆ సెకండులో 10 మీటర్లు, బ్రేకు పట్టిన పిదప సుమారు 8 మీటర్లు, మొత్తము 18 మీటర్లలో ఆగును. రెండవవాడు ఆ సెకండులోనే 20 మీటర్లు పోవును. అనగా మొదటివాని బండి పూర్తిగా ఆగిన చోటును రెండవవాడు దాటుసరికి వాని చేయి ఇంకను బ్రేకు పట్టలేదు. వేగము లేశమైనను తగ్గలేదు. వాడు ఆగుటకు మొత్తము 53 మీటర్లు కావలెను. వానకు తడిసిన రోడ్డుమీద బ్రేకుల ఫలితము సగమైనచో, ఆ దూరము 86 మీటర్లు దాటును.

బ్రేకులను గురించి కూడ ఒక అపోహ కలదు. ముందు బ్రేకు పట్టిన బండి బోర్లపడునను భయముచే కొందరు వెనుక బ్రేకునే నమ్ముకొందురు. బ్రేకు పట్టినపుడు మనము ముందుకు తూలుదుము గదా! బండి బరువు కూడ అట్లే ముందు చక్రముమీదికి మరలును. మనిషితో కూడ 200 కిలోగ్రాములు తూగు బండి, చక్రముల మధ్య దూరము 1.3 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.6 మీటర్లు అనుకొనుడు. నిలిచియున్నపుడు రెండు చక్రములమీదను బరువు సమానము. గట్టిగా బ్రేకు పట్టినపుడు ముందు చక్రముమీద వందకు 78 పాళ్ళు, వెనుక చక్రముమీద 22 పాళ్ళు మాత్రమే నిలుచును. బరువు తగ్గిన టైరుకు పట్టు తగ్గును. వెనుక బ్రేకు ఒక్కటియే పట్టినచో బండి ఆగుటకు కావలసిన దూరము దాదాపు రెట్టింపగును. కావున రెంటిని కలిపి, ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజక క్రమముగా బిగించుచు పట్టవలెను. చక్రము బిగిసి జారకుండ కాపాడు సాధనము 125 సి.సి.కి మించిన క్రొత్త బండ్లన్నిటికి, రెండు బ్రేకులను కలిపి పనిచేయించు సాధనమైనను అంతకు తక్కువ బండ్లకు ఉండవలెనని మన దేశమున 2019 ఏప్రిలు నుండి నిర్బంధము చేసిరి.

చట్టము చెప్పునది

మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము గేరుల మోటారు సైకిలు లైసెన్సుకు 18 ఏండ్లు నిండవలెను. 50 సి.సి.కి మించని బండికి మాత్రము 16 ఏండ్లు చాలును. ముందుగా రోడ్డు గుర్తులు, నిబంధనలను గురించిన ప్రశ్నలలో వందకు 60 పాళ్ళకు సరియైన సమాధానములు చెప్పి అభ్యాసకుని లైసెన్సు పొందవలెను. అది 6 నెలలు చెల్లును. పొందిన 30 దినముల తరువాతనే నడపు పరీక్షకు పోవచ్చును. ఆ నెల దినములు కేవలము నిరీక్షణము కొరకు గాక సాధన కొరకు ఏర్పరచినవని గ్రహించుట మంచిది. బండికి ముందు వెనుకల తెల్లని పలకమీద ఎఱ్ఱని 'ఎల్' అక్షరము ఉండవలెను. నేర్పువానిని తప్ప ఇతరులను వెనుక ఎక్కించుకొనరాదు.

2019లో చట్టమును సవరించి, మైనరు బండి నడిపి నేరముచేసినచో సంరక్షకునికి లేక బండి యజమానికి 3 సంవత్సరముల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించు ఏర్పాటు చేసిరి. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు ఇయ్యరాదని కూడ అందు కలదు.

ఈ కాఠిన్యమునకు కారణము అంకెలలో ఉన్నది. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో వందకు 44 మందికి పైగా ద్విచక్ర వాహనములమీద పోవువారే. ఆ సంవత్సరము హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్టువలన తలకు గాయమగు అవకాశము వందకు 69 పాళ్ళు, మరణించు అవకాశము 42 పాళ్ళు తగ్గునని పలు దేశముల పరిశోధనలను క్రోడీకరించి 2008లో ప్రకటించిరి. లోపలి మెత్తని నురుగుపొర నలిగి, తల ఆగుటకు పట్టుకాలమును పెంచి, బలమును తగ్గించుటయే దాని రహస్యము. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు తలకంటె ముందుగా ఎగిరిపోవును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయుడు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకొని, సున్న గుర్తును విద్యార్థి వ్రేళ్ళ నడుమ ఉంచి, చెప్పకుండ వదలవలెను. విద్యార్థి దానిని 20 సెంటీమీటర్ల గుర్తువద్ద పట్టుకొన్నచో, స్వేచ్ఛాపతన సూత్రము ప్రకారము వానికి పట్టినకాలము 0.2 సెకండు. ఆ కాలములో 72 కిలోమీటర్ల వేగముగల బండి 4 మీటర్లు పోవును. స్కేలు పడునని ముందే ఎదురుచూచుచున్నవాని మాట ఇది. రోడ్డుమీద ఏది ఎప్పుడు అడ్డము వచ్చునో తెలియదు గనుక అంతకు కొన్ని రెట్లు కాలము పట్టును. తరువాత పాఠశాల ఆవరణలో 18 మీటర్లు, 53 మీటర్లు కొలిచి రెండు సున్నపు గీతలు గీయించి, ఒకదాని నుండి మరియొకదానికి విద్యార్థులను నడిపించవలెను. ఆ రెండు గీతల మధ్య వేయు ప్రతి అడుగును, హెచ్చించిన వేగమునకు చెల్లించు మూల్యము. 8 బాట తూకమును నేర్పును. ఈ గీతలు నేర్పునది, బండి ఎక్కినవాడు దిగువరకు మరువరానిది.