గుర్రపు గిట్టకు ఖనిజ లవణములు

మండపేట కాలువగట్టున నిలిచి "గుర్రపుడెక్క ఏది?" అని అడిగినచో, చిన్నపిల్లవాడైనను నీటిపై తేలు కలుపుమొక్కను చూపును. ఆకు గుర్రపు గిట్టను పోలియుండుటచే ఆ మొక్కకు ఆ పేరు వచ్చినది. అసలు డెక్కను ఎరిగినవారు నేడు తక్కువ. జట్కాబండ్లు మన రోడ్లనుండి దాదాపు తప్పుకొన్నవి. ఊరేగింపులకును స్వారికిని పెంచు గుర్రములు కొన్ని మిగిలినవి. గిట్ట పెచ్చులూడి, లాడపు మేకు నిలువక, గుర్రము కుంటినచో దానిపై ఆధారపడిన కుటుంబమునకు ఆనాటి సంపాదన పోవును. అట్టి సమయమున "ఏ పొడి పెట్టవలెను?" అను ప్రశ్న సహజముగా పుట్టును. పొడి కొనుటకు ముందు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు.

గిట్ట గోడ మన గోరు వంటిదే. అది కెరాటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. దానిలో రక్తనాళములు లేవు, నరములు లేవు. కాలి వెంట్రుకలు ముగియు అంచున పుట్టి, నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్ల వరకు క్రిందికి దిగును. ముందుభాగము పూర్తిగా మారుటకు 9 మొదలు 12 నెలలు పట్టును. కావున ఏ ఖనిజమును పగిలిన పాత గిట్టను అతుకజాలదు. పైనుండి క్రొత్తగా దిగు భాగమునే బాగుచేయగలదు.

ఇక మన మేత సంగతి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమ వరిసీమ అయినది. వరిగడ్డియు, మిల్లు తవుడును ఇచ్చట చేతికందు మేతలు. తవుడులో భాస్వరము మెండు, కాల్షియము అత్యల్పము. మొదటిది రెండవదానికి పదిరెట్లు మించియుండును. గుర్రపు మేతలోనో, కాల్షియమే భాస్వరమునకు ఒకటిన్నర మొదలు రెండురెట్లు ఉండుట మేలు. తవుడు మితిమీరినచో శరీరము తన ఎముకలనుండియే కాల్షియమును తీసికొనును. ముఖపుటెముకలు మెత్తబడి ఉబ్బును. పూర్వము ఐరోపాలో పిండిమరల వారి గుర్రములకు ఇది తరచు వచ్చుటచే దీనిని మరవాని వ్యాధి అనిరి. గిట్ట కణములు ఒండొంటితో గట్టిగా అతుకుకొనుటకును కాల్షియము కావలెను. బియ్యపు మిల్లుల ఊరిలో మొదట సరిదిద్దవలసిన లోపము ఇదియే. తవుడు తగ్గించి, లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేతను చేర్చవలెను. వైద్యుని సలహాపై పశువుల దాణాకు తగిన సున్నపురాయి పొడి కలుపవచ్చును. తాంబూలపు సున్నము పనికిరాదు.

రెండవది జింకు. నీరు నిలిచిన మడిలో జింకు మొక్కకు సరిగా అందదు. వరికి వచ్చు ఖైరా తెగులునకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్ శాస్త్రజ్ఞుడు వై. ఎల్. నేనె తెలిపెను. అట్టి గడ్డి తిను జంతువునకును ఆ కొరత సంక్రమింపవచ్చును. కెరాటిన్ గట్టిపడుటకు జింకును రాగియు అవసరము. పని లేని 500 కిలోల గుర్రమునకు దినమునకు 20 గ్రాముల కాల్షియము, 14 గ్రాముల భాస్వరము, 400 మిల్లీగ్రాముల జింకు, 100 మిల్లీగ్రాముల రాగి కావలెనని లెక్క. అందు సగము బరువుగల తట్టువకు సుమారు సగము చాలును.

బయోటిన్ ఖనిజము కాదు, విటమిను. ఆస్ట్రియా దేశపు లిపిజానరు గుర్రములకు దినమునకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చేసిన పరిశోధన 1995లో ప్రకటితమైనది. సుమారు 9 నెలలకు గిట్ట నాణ్యత మెరుగుపడినది. పెరుగుదల వేగము మాత్రము పెరుగలేదు. నెలరోజులు పెట్టి డబ్బా ఖాళీకాగానే మానివేయుట ధనము వృథాచేయుటయే.

రెండు ప్రమాదములు మరువరాదు. సెలీనియము స్వల్పముగా అవసరమే. ఎక్కువైనచో జూలు, తోక వెంట్రుకలు రాలి, గిట్టయే ఊడిపోవచ్చును. కనుక రెండుమూడు పొడులను కలిపి పెట్టరాదు. రెండవది కోళ్ల దాణా. మన ప్రాంతమున అది సులభముగా దొరకును. కోళ్ల రక్తపారుడు నివారణకు అందు కలుపు మొనెన్‌సిన్, సాలినోమైసిన్ మందులు గుర్రపు గుండెను దెబ్బతీసి ప్రాణము తీయగలవు. ఆ బస్తా గుర్రపుసాలలో ఉండనే కూడదు.

నేల పొడిగానుంచుట, ఆరు మొదలు ఎనిమిది వారములకొకసారి గిట్ట చెక్కించి లాడము సరిచూపించుట, ఇవి ఏ పొడికిని తీసిపోవు. మేత మార్చిన తేదీని వ్రాసియుంచుడు. నెలనెలా వెంట్రుకల అంచునుండి క్రొత్తగిట్ట ఎంత దిగినదో కొలబద్దతో కొలువుడు. ఆ క్రొత్తభాగము నునుపుగా, గట్టిగా దిగుచున్నచో మేత సరియైన త్రోవలో నున్నది. అది నేల తాకువరకు ఓర్పు వహింపవలసినదే.