ఒకటిన్నర ఎవరి దేహానికి హద్దు?

మర్రిగూడలో నీళ్ల ముచ్చట వస్తే ఒక అంకె తప్పకుండా వస్తుంది: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ అంతకు లోపుంటే తాగొచ్చు, దాటితే తాగొద్దు. భారత ప్రమాణాల సంస్థ 1 దాకా మేలంటుంది. వేరే దిక్కు లేకుంటే 1.5 దాకా ఒప్పుకుంటుంది. అంకెకు కులముండదు గదా, దీంట్ల దళిత అధ్యయనానికేం పని అని అడిగేవాళ్లున్నారు.

పని ఉంది. ఆ అంకె నీటిని కొలుస్తుంది, తాగే మనిషిని కొలవదు. నీడపట్టున పనిచేసేవాడు రోజుకు రెండు లీటర్లు తాగితే అతని ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు పోతుంది. ఎండాకాలం మట్టిపనికి పోయిన కూలి మనిషి ఐదు లీటర్లు తాగితే ఆమె ఒంట్లోకి 7.5. ఆ నీడపట్టు మనిషికి అంత చేరాలంటే లీటరుకు 3.75 ఉన్న నీళ్లు తాగాలి. అటువంటి నీళ్లనైతే ఏ అధికారైనా విషమనే అంటాడు. బోరు ఒకటే, పరీక్ష కాగితం ఒకటే, నీళ్లు మాత్రం రెండు రకాలు. పాలు, కూరగాయలు కరువైన ఒంటి మీద ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా ఎక్కువ. అన్నం, పప్పు వండేదీ ఆ నీళ్లతోనే.

శాస్త్రానికి ఇది తెలియక కాదు. అమెరికా ప్రజారోగ్య సేవ 1962లోనే వేడి ప్రాంతాలకు ఫ్లోరైడ్ మోతాదు తక్కువ పెట్టింది, ఎండకు జనం నీళ్లెక్కువ తాగుతారని. 1988లో సెనెగల్‌లో పనిచేసిన పరిశోధకులు 1.5 అక్కడ పనికిరాదనీ, 0.6 ఉండాలనీ లాన్సెట్ పత్రికలో వాదించారు. అంటే గాలి వేడి లెక్కలోకి వచ్చింది. ఆ వేడిలో గడ్డపార ఎవరి చేతిలో ఉంటుందన్నది రాలేదు. మన దగ్గర ఆ ప్రశ్న కులం ప్రశ్నే.

అసలు ఈ రోగాన్ని ముందు చూసిందెవరు? 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. అంతకుముందే అక్కడి రైతులు ఎడ్లు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారని తర్వాతి వైద్య రచనలు చెప్తాయి. నల్లగొండ గురించి సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఎద్దు వెనక నడిచినవాని చూపు ‘అనుభవం’గా మిగిలింది, డాక్టరు రాసింది ‘జ్ఞానం’ అయింది. 2002లో గోపాల్ గురు సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం ఒకరిది, వివరాల సేకరణ ఇంకొకరిది అయిందని నిలదీశాడు. వైద్యంలో ఆ విభజన ఇంకా గట్టిది: పల్లె జనం ఎక్సరేకు ఎముకలిస్తారు, ప్రమాణం ఇంకెక్కడో తయారవుతుంది.

బోరింగు కథ కూడా ఇందులో భాగమే. ఊరబావి దగ్గరికి రానియ్యని వాడకు బోరింగు నిజంగానే విముక్తి, ఆ మాట దాచనక్కర్లేదు. క్రిములుండవు గనక అది సురక్షితమైన నీరన్నారు. క్రిముల్ని వెతికిన కన్ను రాతిపొరల్లోంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్‌ను వెతకలేదు. తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరుపెట్టింది. ఆ పేరు ఆఫ్రికా దాకా పోయింది! 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నిలబడితే గాని ఇక్కడి నీళ్ల గోస దేశానికి వినబడలేదు.

ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లొచ్చాయి. మేలే జరిగింది. 2020లో కేంద్రం లెక్క ప్రకారం తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా. ఆ సున్నా కూడా నీటి లెక్కే. వంగిన వెన్ను నీళ్లు మారితే లేవదు. నల్లా రాని పొద్దు, చేను కాడ పని ఉన్న పొద్దు కూలోళ్లు ఏ నీళ్లు తాగుతున్నరో ఆ సున్నా చెప్పదు. ఆవాసం పేరు పక్కన ఏ వాడ, ఏ పని, రోజుకు ఎన్ని చెంబులు అని రాసుకునే గడి ఆ లెక్కలో లేదు.