ఈత విలాసం కాదు, ప్రాణరక్ష

వేసవి సెలవులు మొదలవగానే పిల్లల మనసు నీళ్ళ వైపు లాగుతుంది. మన ఓరుగల్లు చుట్టూ చెరువులకు కొదువ లేదు. అయితే ఆ నీళ్ళలో పడితే బ్రతికి బయటపడటం నేర్పే చోట్లు మాత్రం నగరపు పిల్లలకు కరువయ్యాయి. తల్లిదండ్రులు టీకాల తేదీలు శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటారు. ఈతను కూడా ఆ వరుసలోనే చేర్చాలని మేము కోరుతున్నాము.

బావులు పోయాయి, నీళ్ళు మిగిలాయి

ఒకప్పుడు ఈత నేర్పడానికి ఎవరూ ఫీజు అడగలేదు. నడుముకు ఎండు సొరకాయ బుర్రో, బెండో కట్టి, మేనమామో పెద్దన్నో పిల్లవాణ్ణి మోటబావిలోకి దింపేవారు. కొన్నాళ్ళకు భయం పోయేది, బుర్ర విప్పేసేవారు. నగరం పెరిగి పొలాలు కాలనీలయ్యాయి, బావులు పూడిపోయాయి. శివనగర్‌లోని కాకతీయుల కాలపు మెట్లబావి లాంటివి నేడు చూసి ఆనందించడానికే గాని ఈతకు కావు.

బావులు పోయినా ప్రమాదం పోలేదు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ హన్మకొండ, హసన్‌పర్తి పరిసరాల గుండా పోతుంది. దాని సిమెంటు గట్లు ఏటవాలుగా, పాచి పట్టి ఉంటాయి. కాలు జారినవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, పైగా నీటి వేగం లాగేస్తుంది. చెరువుల సంగతి మరొకటి. మట్టి తీసిన చోట లోతైన గుంతలుంటాయి. పైనుండి చూస్తే నీరంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది గాని, మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తరువాతి అడుగులోనే మునిగిపోవచ్చు. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతలు కూడా ఇలాంటివే. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులు తాగునీటి కోసం నిలువ చేసేవి, ఈత నేర్చుకునే స్థలాలు కావు.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో నూటికి 43 మంది 15 ఏళ్ళలోపు పిల్లలే. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదే 38 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ఈ మరణాల నివారణకు ఒక కార్యాచరణ పత్రాన్ని తెచ్చింది. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

కొలను ఉంటే చాలదు

హన్మకొండ బాలసముద్రంలో ప్రజల కోసం కట్టిన ఈత కొలను ఉంది. కొన్ని ప్రైవేటు కొలనులూ ఉన్నాయి. విద్యాసంస్థల లోపలి కొలనులు సాధారణంగా అక్కడి విద్యార్థులకే. కాని కొలను ఉన్నంత మాత్రాన అందరి పిల్లలకూ అందినట్లు కాదు. రోజు కూలితో గడిచే ఇంట్లో ఇద్దరు పిల్లలకు నెల ఫీజు, రానుపోను ఆటో ఖర్చు భారమే. ఆడపిల్లల విషయంలో అడ్డంకులు ఇంకా ఎక్కువ. బట్టలు మార్చుకునే గది సరిగా లేకపోయినా, నేర్పేవారిలో స్త్రీలు లేకపోయినా తల్లులు వెనుకాడుతారు. నీళ్ళకు మాత్రం ఆడ, మగ తేడా తెలియదు.

కొలనులు లేనిచోట కూడా మార్గం దొరికింది. బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురుతో లోతు తక్కువగా ఉండే వేదికలు కట్టి వేలాది పిల్లలకు నేర్పారు. వియత్నాంలోని దనాంగ్ నగరంలో పాఠశాలల ఆవరణలోనే విప్పి మళ్ళీ బిగించుకోగల కొలనులు పెట్టారు. మన పాఠశాలలు, సంఘాలు కలిసి అడిగితే, వేసవిలో ఒక గంట పేద పిల్లలకూ, మరో గంట ఆడపిల్లలకూ కేటాయించడం అసాధ్యమైన పనేమీ కాదు. పది కుటుంబాలు కలిస్తే ఒక ఆటో ఖర్చు పంచుకోవచ్చు.

తల్లులు కూడా నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై దాటిన తరువాతనే ఈత మొదలుపెట్టి, 2021లో శ్రీలంకకు, మన దేశానికి మధ్యనున్న పాక్ జలసంధిని ఈదారు.

చేర్పించే ముందు చూడవలసినవి

1. నీళ్ళ అడుగు స్పష్టంగా కనిపించాలి. మసకగా, పచ్చగా ఉంటే దింపకండి.
2. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు గట్టుమీద కాపలాదారు ఉండాలి. అతని దృష్టి సెల్‌ఫోన్ మీద కాక నీళ్ళ మీద ఉండాలి.
3. లోతు ఎంతో గోడమీద వ్రాసి ఉండాలి. చిన్నపిల్లలకు విడిగా లోతు తక్కువ చోటు ఉండాలి.
4. మూర్ఛ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్న పిల్లలను డాక్టరుకు చూపించి, నేర్పేవారికి ముందే చెప్పండి.
5. జ్వరం, విరేచనాలు, చెవిలో చీము ఉన్నప్పుడు పంపవద్దు. దిగే ముందు, వచ్చిన తరువాత స్నానం చేయించండి.

పిల్లవాడు వెల్లకిలా ఒక నిమిషం తేలి, ఆగకుండా 25 మీటర్లు ఈది, తనంతట తాను గట్టెక్కగలిగితే మొదటి పాఠం వచ్చినట్లే. అప్పుడైనా ఒంటరిగా పంపవద్దు. కొలనులో వచ్చిన ఈత కాలువ వేగానికి చాలదు. గాలి నింపిన ట్యూబును నమ్మి చెరువులో దింపడం ఎంతమాత్రం తగదు.

ఎవరైనా మునుగుతుంటే

కేకలు వేయండి. తాడు, చీర, పొడుగు కర్ర, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది అందించండి. ఈత రానివారు దూకితే రెండు ప్రాణాలు పోతాయి. ఈ మాట పిల్లలకు ముఖ్యంగా చెప్పండి. స్నేహితుణ్ణి కాపాడబోయి మునిగిపోయే పిల్లలు ఉన్నారు.

బయటకు తీశాక తలక్రిందులు చేయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మానండి. దానివల్ల విలువైన నిమిషాలు పోవడమే కాక, కక్కినది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. వెంటనే 108కి ఫోను చేయించండి. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటిలో నోరుపెట్టి ఐదుసార్లు ఊదండి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు ఊదండి. సహాయం వచ్చేవరకు అలాగే కొనసాగించండి. తేరుకున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోవద్దు. కొన్ని గంటల తరువాత ఊపిరి ఇబ్బంది రావచ్చు గనుక ఆసుపత్రిలో చూపించాలి.

ప్రియమైన తల్లిదండ్రులారా, "నీళ్ళ దగ్గరకు పోకు" అని చెప్పడం మంచిదే. కాని ఆ మాట పిల్లవాడు స్నేహితులతో ఉన్నప్పుడు గుర్తుండకపోవచ్చు. నేర్చుకున్న ఈత మాత్రం చేతులకు, కాళ్ళకు జీవితాంతం గుర్తుంటుంది. ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఒక్కరికైనా నేర్పించండి.