చిక్కుపడిన కురులు

తెలుగున ‘జడ’ అను మాటకు రెండు అర్థములు కలవు. తల్లి బిడ్డకు నూనె రాచి, దువ్వి, మూడు పాయలు తీసి అల్లునది ఒక జడ. ఎవరును అల్లకయే, దువ్వెన తగులక, తనంతట తాను ముద్దగట్టి బిగుసుకొనిపోవునది మరియొక జడ. ఈ రెండును ‘జటా’ శబ్దము నుండి వచ్చినవే. వేములవాడ రాజన్న శిరస్సున ఉన్నది రెండవ జడ. మన యిండ్లలోని ఆడపిల్లలకు కావలసినది మొదటిది. మొదటి దాని కొరకు చేయవలసిన శ్రమ చేయనిచో రెండవది ఎట్లు ఏర్పడునో, అది ఏర్పడినప్పుడు కొన్ని పల్లెలలో ఎట్టి భయములు పుట్టునో, ఈనాటి ప్రసంగమున చెప్పదలచితిని.

స్త్రీల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న తరచుగా కనబడుచుండును. జగిత్యాల నుండి, మంథని నుండి, నిర్మల నుండి, ఆసిఫాబాదు నుండి తల్లులు వ్రాయుదురు: “మా అమ్మాయిది ఉంగరాల జుట్టు. ఎన్ని నూనెలు పెట్టినను భుజములు దాటి పెరుగదు. దువ్వెన చేత పట్టుకొన్నచో ఏడ్చి పారిపోవును.” నాది కూడ నొక్కుల జుట్టే గనుక, చిన్ననాట పారిపోయినవారిలో నేనును ఒకతెను గనుక, ఈ ఉత్తరములు చదువునప్పుడు నాకు నవ్వును, జాలియును కలుగుచుండును.

మొదట తెలియవలసినది, ఆ జుట్టు పెరుగకపోవుట లేదు. మనుష్యుల తలవెంట్రుక నెలకు ఇంచుమించు 1 సెంటీమీటరు మొదలు 1.25 సెంటీమీటరు వరకు పెరుగును. అది కుదురు దగ్గర జరుగు పని. కుదురు ఆరోగ్యముగా నున్నంతవరకు నెలనెలా పొడవు చేరుచునే యుండును. లోపము కొస దగ్గర ఉన్నది. పైన ఎంత పెరుగునో క్రింద అంత విరిగిపోయినచో కొలత ఎట్లు మారును? నడుము వరకు, అనగా 60 సెంటీమీటర్లు ఉన్న వెంట్రుకను తీసికొనుడు. దాని కొస పుట్టి నాలుగేండ్లు దాటినది. నాలుగు ఎండకాలములు, నాలుగు వానకాలములు, వందలకొలది తలంటులు, వేలకొలది దువ్వెన దెబ్బలు దానికి తగిలినవి. పాత చీర కొంగును ఎట్లు చూచుకొందుమో ఆ కొసను అట్లు చూచుకొనవలెను. మనమో, దువ్వెనను నడినెత్తిన పెట్టి బలముగా క్రిందికి లాగుదుము.

ఇక ఉంగరాల జుట్టునకే ఈ బాధ ఎక్కువ ఎందుకు? తిన్నని వెంట్రుకను అడ్డముగా కోసి భూతద్దమున చూచినచో ఇంచుమించు గుండ్రముగా నుండును. ఉంగరాల వెంట్రుక కోడిగ్రుడ్డు వలె నొక్కుకొని యుండును, అడుగడుగున వంపు తిరుగును. ఈ వంపుల వలన మూడు కష్టములు కలుగుచున్నవి. నెత్తిన సహజముగా ఊరు జిడ్డు తిన్నని వెంట్రుక మీద కొస వరకు జారును. వంపుల మీద జారజాలదు, కాబట్టి కొసలు ఎండిపోవును. వంపు ఉన్న ప్రతి చోటును బలహీనమైన చోటే. మూడవది అన్నిటికంటె ముఖ్యము: ప్రతి మనిషి తల నుండి దినమునకు 50 మొదలు 100 వెంట్రుకలు సహజముగా రాలిపోవును. తిన్నని జుట్టులో రాలినవి నేలబడును. ఉంగరములలో రాలినవి నేలబడవు. పక్కవాటిని చుట్టుకొని అక్కడనే వ్రేలాడును. అదియే చిక్కు. వారమునకు ఒకసారి మాత్రమే దువ్వుకొను స్త్రీకి ఒక్క పూటలో 350 మొదలు 700 వెంట్రుకల ఉండ చేతికి వచ్చుట వింత కాదు. “జుట్టంతయు ఊడిపోవుచున్నది” అని ఆ ఉండను చూచి భయపడనక్కరలేదు. ఏడు దినముల బాకీ ఒకనాడు తీరినది, అంతే. (వెంట్రుకలకు స్టీలు గిన్నెలు ఇచ్చువాడు వీథిలో కేక వేసినప్పుడు గోడగూటి నుండి ఆ ఉండలనే తీసి ఇచ్చుచుందురు.)

చుట్ట ఎంత దగ్గరైనచో చిక్కు అంత గట్టిది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అను పేట కలదు. నిజాముల నాటి ఆఫ్రికా అశ్వదళమునకు చెందిన సిద్దీల వలన ఆ పేరు వచ్చినది. వారి సంతతివారు నేటికిని నగరమున ఉన్నారు. ఆఫ్రికా ఖండపు ప్రజల వెంట్రుకలు మన ఉంగరముల కంటె ఎంతో చిన్న చుట్టలు తిరిగి యుండును. అట్టి జుట్టున ఒకే వెంట్రుక తనకు తానే ముడి వేసికొనుట కూడ సామాన్యము. ఆ ముడి విడదు. దానిని లాగక, ఆ కొస మాత్రము కత్తిరించి వేయుటయే మేలు.

చిక్కు ఒక దశ దాటినచో ముద్ద అగును. అది ఎట్లనగా, వెంట్రుక మీద చేప పొలుసుల వంటి సన్నని పొరలు కొసవైపు వాలి యుండును. తడిసి, సబ్బు తగిలి, రుద్దుడు పడినప్పుడు ఆ పొలుసులు లేచి ఒకదానిలో ఒకటి చిక్కుకొనును. కరీంనగరపు కురుమలకు ఇది చెప్పనక్కరలేదు. గొర్రె ఉన్ని గొంగడిని వేడినీటిలో నలిపి ఉతికినచో అది కుంచించుకొని దళసరి యగునని వారి ఇంటి పిల్లలకు కూడ తెలియును. మన తలంటు చూడుడు: జుట్టునంతటిని నడినెత్తిన కుప్పగా పోసి, కుంకుడురసము కుమ్మరించి, రెండు చేతులతో గుండ్రముగా రుద్దుదుము. గొంగడికి చేయరాదన్న పనిని బిడ్డ తలకు చేయుచున్నాము! కుంకుడులో దోషము లేదు. రసము మాడుకు పట్టించి వ్రేళ్ళ కొసలతో మాడునే రుద్దవలెను. జుట్టును క్రిందికే వ్రేలాడనిచ్చి, రసమును దాని మీదుగా జారనీయవలెను. కొసలకు అంతకంటె శుద్ధి అవసరము లేదు.

చిక్కు తీయుటలో నాకు గురువు మా మేనత్త. ఆమె అత్తవారిల్లు సిరిసిల్ల, చేనేతవారి ఇల్లు. మరమగ్గములు రాకముందు నూలు చిక్కులు తీయుట ఆ యింటి ఆడువారి నిత్యకృత్యము. నా జుట్టును కూడ ఆమె నూలు చిలుప వలెనే చూచెడిది. “కొస దొరకంది లాగద్దు బిడ్డా, లాగితె ముడి గట్టివడ్తది” అనెడిది. ఆమె పద్ధతి ఇది. జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, మూడింటిని వేరుగా ముడిచి పెట్టును. నాల్గవ పాయను చిక్కునకు పైగా ఎడమ పిడికిట గట్టిగా పట్టుకొనును. లాగుడు పిడికిటిలోనే ఆగిపోవును గాని కుదురునకు ప్రాకదు. పిమ్మట కొస నుండి రెండంగుళములు మాత్రము వ్రేళ్ళతో విడదీయును, తరువాత పెద్దపండ్ల దువ్వెనతో దువ్వును. అది జారినపిదప మరి రెండంగుళములు పైకి. ఈరుపెన జోలికి పోదు. అది పేలకొరకు పుట్టినది, చిక్కుకొరకు కాదు. నాకు తెలిసినంతలో ఏ శాస్త్రజ్ఞుడును ఇంతకంటె మంచి పద్ధతి చెప్పలేదు.

ఒక్క విషయమున మాత్రము ఆమె చెప్పినదానికి సవరణ అవసరము. తడిజుట్టును ముట్టరాదని ఆమె నియమము. తిన్నని జుట్టునకు అది సత్యమే; తడిసిన వెంట్రుక ఎక్కువగా సాగి సులభముగా తెగును. గట్టి ఉంగరముల జుట్టునకు మాత్రము పొడిగా నున్నప్పుడు దువ్వుటయే ఎక్కువ హాని. తడి వలన వంపులు కొంత సడలును. కావున కొంచెము తడిపి, జారుటకు నూనెయో, తలంటు తరువాత రాచు కండిషనరో పట్టించి, వ్రేళ్ళతో విప్పుకొనవలెను.

నూనె విషయము. కొబ్బరినూనె మీద మన దేశమున రెలే, మొహిలే అను పరిశోధకులు చేసిన పని 2003లో ప్రకటితమైనది. తలంటునకు ముందు గాని, తరువాత గాని కొబ్బరినూనె రాచిన వెంట్రుక నుండి మాంసకృత్తులు పోవుట తగ్గినదనియు, పొద్దుతిరుగుడు నూనెకును, ఖనిజతైలమునకును ఆ గుణము కనబడలేదనియు వారు చూపిరి. కొబ్బరినూనెలోని అణువులు చిన్నవి, తిన్ననివి గనుక వెంట్రుక లోనికి చొరగలవట. ఆదిలాబాదు అడవి పల్లెలలో ఇప్పగింజల నూనె వంటకును, తలకును కూడ వాడుచుందురు. చలికాలమున అది గడ్డకట్టును. ఆ ముద్దను అరచేతుల మధ్య కరిగించి రాచుకొనుట నేను చూచితిని. కొసలు ఎండకుండ కాపాడుటకు అదియును పనికివచ్చును. నూనె ఏదైనను అది జుట్టును ‘పెంచదు’; పెరిగినదానిని నిలుపును. అంగడి సీసాల మీది వాగ్దానములు చదువునప్పుడు ఈ భేదము గుర్తుంచుకొనుడు.

ఆముదము సంగతి వేరు. తెలంగాణమున ఆముదపు పంట చిరకాలముగా ఉన్నది, తలకు ఆముదము రాచు అలవాటును ఉన్నది. అది మిక్కిలి చిక్కనిది. పొడవాటి జుట్టునకు దండిగా పట్టించి వెంటనే తలంటుకొన్న ఒక యువతికి జుట్టంతయు పక్షిగూడు వలె ముద్దగట్టి, విడదీయ వీలులేక కత్తిరింపవలసి వచ్చినదని మన దేశపు చర్మవైద్యులు 2017లో ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆముదము మానుకొనుడని చెప్పను. నాలుగు పాళ్ళ కొబ్బరినూనెలో ఒక పాలు కలిపి, మాడునకు పట్టించి, జుట్టు చిక్కు తీసిన తరువాతనే తలంటుకొనుడు.

రాత్రి పడుకొనునప్పుడు వదులుగా ఒక జడ అల్లి, నూలు దిండు మీద పాత పట్టుగుడ్డ పరచుకొన్నచో రాపిడి తగ్గును. పగటి జడ నుదుటి వెంట్రుకలు నిక్కునంత బిగువుగా నుండరాదు. ఏండ్ల తరబడి ఆ బిగువు కొనసాగినచో ముంగురుల చోట కుదుళ్ళు శాశ్వతముగా చచ్చిపోవును. బడికి రెండు జడలు వేయవలెనను నియమమున్న చోట పంతులమ్మలు ఈ మాట గమనింపవలెనని నా ప్రార్థన.

ఇంతవరకు చెప్పినది తీరిక గల ఇంటి సంగతి. తల్లి తెల్లవారకముందే బీడీల చాట ముందేసుకొని కూర్చుండు ఇంటిలో, కూలికి పోవు ఇంటిలో, పిల్ల జ్వరముతో పడిన ఇంటిలో దువ్వెన పట్టువారెవరు? నెల దినములు ఒకే ప్రక్క ఒత్తిగిలి పడుకొన్న బిడ్డకు మెడవెనుక ముద్దగట్టుట ఎంతసేపు? అట్లు కట్టినప్పుడు, “ఎల్లమ్మ పిలిచినది” అను మాట వినబడును. ఆ మాట అనేకమంది బాలికలను జోగినులుగా చేసినది. బాలికలను దేవతకు అర్పించుటను నిషేధించుచు 1988లో చేసిన చట్టము తెలంగాణమున అమలులో నున్నది. అట్లు అర్పించుట నేరము. మనకు పొరుగున నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణం, లవణం దంపతులు జోగినుల కొరకు చేసిన కృషి పెద్దలకు జ్ఞాపకముండును. వర్నిలో వారి ‘చెల్లి నిలయము’ వెలసినది. ఆదిలాబాదునకు అవతల మహారాష్ట్రమున, నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన సమితివారు స్త్రీలకు నచ్చజెప్పి జడలు తొలగించుచున్నారు.

ఈ భయము మనదొక్కరిదే కాదు. పోలండు దేశమున శతాబ్దములపాటు ఇట్టి జడలు విరివిగా నుండెను. రోగము శరీరము నుండి జుట్టులోనికి దిగినదనియు, కత్తిరించినచో కండ్లు పోవుననియు, మతి చలించుననియు అచ్చటివారు నమ్మిరి. క్రాకో నగరపు వైద్యాచార్యుడు యూజెఫ్ డీట్ల్ అనునతడు 19వ శతాబ్ది మధ్యమున రోగులను పరీక్షించి, ఇది వ్యాధి కాదు, జుట్టును చూచుకొనకపోవుటయే కారణమని వ్రాసెను. తరువాత 1866లో అతడు ఆ నగరమునకు మేయరు కూడ అయ్యెను.

కొన్నేండ్ల క్రిందట ధ్వనిముద్రణ కొరకు ధర్మపురి దారిలోని ఒక పల్లెకు పోయితిని. అచ్చట ఎనిమిదేండ్ల పిల్ల, ఉంగరాల జుట్టు, టైఫాయిడు తగ్గి నెల అయినది. మెడవెనుక పిడికెడు ముద్ద. బడికి పోవుట లేదు. అవ్వ నన్ను చూచి, “ఎల్లమ్మ తల్లి పిలుస్తున్నదమ్మా. కత్తెర వెడితె పోరి కండ్లు వోతయి” అనెను. నేను చట్టము, వైద్యము ఏమేమో చెప్పితిని. ఆమె వినలేదు. నా వెంట వచ్చిన ఆశా కార్యకర్త తెలివైనది. “అవ్వా, కత్తెర వెట్టం. ఉత్త నూనె వెడ్తం. నూనె వెడితె ఎల్లమ్మ కోపానికొస్తదా?” అనెను. అవ్వ కొంతసేపు ఆలోచించి, “నూనెకెందుకు కోపం” అనెను.

ముద్ద క్రొత్తది గనుక అది సాధ్యమయ్యెను. ఏండ్లు గడచినదైనచో కత్తెర తప్ప దారి లేదు. మూడు సాయంత్రములు పట్టినది. గోరువెచ్చని కొబ్బరినూనెలో నానబెట్టి, కొస వైపు నుండి జడపిన్నుతో వెంట్రుక వెంబడి వెంట్రుకగా విడదీసితిమి. లోపల ఒక వేపాకు, దిండు గలీబు దారము ముక్కయు దొరికినవి. మొదటి సాయంత్రము అవ్వ దూరముగా గడప మీద కూర్చున్నది. రెండవనాడు దీపము పట్టుకొన్నది. మూడవనాడు పిడికిట పాయ పట్టుకొని తానే విప్పినది. ఆ చేతి ఒడుపు చూచి నాకు మా మేనత్త జ్ఞాపకము వచ్చినది.

పిల్లకు భుజముల వరకు జుట్టు మిగిలినది. ఊడివచ్చిన వెంట్రుకల ఉండను పారవేయుటకు అవ్వ ఒప్పుకొనలేదు. కొంగున ముడివేసికొని, “యేములాడ రాజన్నకు ఇచ్చుకుంట” అనెను. తలనీలములలో దానిని కలుపుకొందురో లేదో నేను అడుగలేదు. మరుసటి సోమవారము పిల్ల బడికి పోయినదని ఆశా కార్యకర్త టెలిఫోనులో చెప్పినది.