బీరువాలో యూరో నోట్లు



ఒకప్పుడు మార్కాపురం పేరు పలకల మీద ఊరూరా తిరిగింది. ఇప్పుడు మన పిల్లలే దేశాలు తిరుగుతున్నారు. సెలవులకొచ్చిన అబ్బాయి నాలుగు యూరో నోట్లు చేతిలో పెట్టి, "ఖర్చులకి ఉంచుకోమ్మా" అంటాడు. మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా ఆ నోటుతో కూరలు రావు కదా! మరి ఏం చెయ్యాలి?

2002 జనవరి 1న చేతికొచ్చిన ఈ నోట్లు ఇప్పుడు 21 యూరోప్ దేశాల్లో చెల్లుతాయి. మన దేశంలో మాత్రం ముందు రూపాయల్లోకి మార్చాల్సిందే. ఆ పని రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులు, మనీ ఛేంజర్లు మాత్రమే చెయ్యాలి. "నాకివ్వండమ్మా, ఎక్కువ ఇప్పిస్తా" అనే తెలిసినాయన మాట నమ్మకండి. అది చట్టవిరుద్ధం. పైగా చేతిలో రశీదు లేకపోతే, మోసపోయాక ఎవరితో చెప్పుకుంటాం?

బ్యాంకుల్లోనూ అన్ని శాఖలకూ ఈ సౌకర్యం ఉండదు. బస్సెక్కేముందే ఫోను చేసి మూడు సంగతులు అడగండి: యూరోలు తీసుకుంటారా, ఇవాళ ఏ రేటుకి కొంటారు, ఏయే కాగితాలు తేవాలి?

రేటు సంగతి కాస్త వినండి. పాత బంగారం అమ్మబోతే ఒక ధర, కొత్తది కొనబోతే ఇంకో ధర కదా. ఇదీ అంతే. లెక్క కోసం టీవీలో చెప్పిన రేటు నూరు రూపాయలనుకుందాం. మన దగ్గర 96కి కొని, ఇంకొకరికి 104కి అమ్మవచ్చు. అప్పుడు 500 యూరోలకు మనకొచ్చేది 48,000, యాభై వేలు కాదు. అందులోనూ రుసుము, పన్ను పోతాయి. కాబట్టి "అన్నీ పోను చేతికెంత?" అని అడిగి, రెండుచోట్ల పోల్చుకుని, రశీదు తీసుకోండి.

నాణేలను మన దగ్గర సాధారణంగా మార్చరు. వాటిని అబ్బాయికే తిరిగిచ్చెయ్యండి. 500 యూరోల నోటు జారీ 2019లో ఆపేసినా, అది ఇంకా చెల్లుతుంది.

రేటు పెరుగుతుందని ఏళ్ళతరబడి దాచడం మంచిది కాదు. బీరువాలో నోటు వడ్డీ పెట్టదు. చట్టం ప్రకారం 2,000 డాలర్ల విలువకు మించిన విదేశీ నోట్లు ఇంట్లో ఉంచుకోకూడదు. అంతకు మించినవి చేతికొచ్చిన 180 రోజుల్లోగా మార్చెయ్యాలి.

అన్నిటికన్నా సులువైన దారి ఒకటుంది. ఈసారి నోట్లు తేవద్దనీ, మీ పేరునున్న ఖాతాకే బ్యాంకు ద్వారా పంపమనీ అబ్బాయికి చెప్పండి. రూపాయలుగానే జమ అవుతుంది, లెక్క పుస్తకంలో కనిపిస్తుంది. అవసరానికి ఎవర్నీ బతిమాలకుండా మీ సంతకంతో మీరే తీసుకోవచ్చు. అబ్బాయి ఇచ్చింది మీ కోసమే గదా!